నిండుకున్న డబ్బాలు

…అలా కాదే మనవరాలా, "ఖాళీ అయ్యాయి" అని రాశావా? కొట్టెయ్. "నిండుకున్నాయి" అని రాయి. ఆ ఒక్క మాట దగ్గరే కదా గవర్రాజు సంసారం రెండు నెలలు ఇరుక్కుపోయింది. నేను నెమ్మదిగానే చెబుతాను. నువ్వూ నెమ్మదిగా రాసుకో.

గవర్రాజు మన పేట బ్యాండుమేళంలో క్లారినెట్ ఊదేవాడు. యాభై ఏళ్ళు వచ్చేదాకా అతను వంటింట్లోకి వెళ్ళింది మంచినీళ్ళ కోసం, మహా అయితే అగ్గిపెట్టె కోసం. పిల్లల్లేరు. భార్య మంగతాయారు వండేది, అతను తినేవాడు. ఒకరోజు ఆవిడ కుళాయి దగ్గర జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా పిండికట్టు వేసి, మూడు నెలలు గరిటె పట్టకూడదన్నాడు డాక్టరు.

"మరి అన్నమోనండీ?" అన్నాడు గవర్రాజు.

"నీకు రెండు చేతులూ బాగానే ఉన్నాయిగా!"

గవర్రాజు తన చేతుల వైపు ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మంగతాయారు ఎడంచేత్తో అన్నం ముట్టదు. ప్రాణం పోయినా ముట్టదు. కాబట్టి వండటం ఒక్కటే కాదు, కలిపి ముద్దలు పెట్టడం కూడా గవర్రాజు మీదే పడింది. అతను వండితేనే ఆవిడ తినాలి. తింటేనే బిళ్ళలు వేసుకోవాలి.

సరిగ్గా ఆ వారమే సర్కారు వారు సప్తడబ్బా స్వయంపాక పథకం అని ఒకటి తెచ్చారు. ఎన్నడూ పొయ్యి ముట్టించని మనిషి వంట నేర్చుకుంటానని పేరు రాయించుకుంటే ఏడు డబ్బాలు ఇస్తారు. బియ్యం, కందిపప్పు, చింతపండు, నూనె, ఉప్పు, కారం, పోపు దినుసులు. ఆ ఏడింటితో ఏడు వంటలు నేర్చుకోవాలి. డబ్బాలు అయిపోయాయని రాతలో పడగానే మళ్ళీ నింపుతారు. పథకంలో చేరినవాణ్ణి "నవపాచకుడు" అంటారు. గవర్రాజు పేరు రాయించుకున్నాడు. పెళ్ళిళ్ళు లేని మూఢం రోజులు, క్లారినెట్ గూట్లో పడుకుని ఉంది. చేతికి పని దొరికిందనుకున్నాడు.

డబ్బాలు తెచ్చింది లీలావతి అనే అమ్మాయి. ఆ అమ్మాయి ఉద్యోగం పేరు "వంటింటి మిత్ర". డబ్బాలతో పాటు పాకదర్శిని అని ఓ పుస్తకం కూడా ఇచ్చింది. గవర్రాజు మొదటి పాఠం కూడబలుక్కుని చదివాడు.

"ఆఢకీ ద్విదళమును ప్రక్షాళనానంతరము మృదుత్వము సిద్ధించు పర్యంతము జలమునందు పక్వపరచవలెను."

"ఇది వంటా, సంధ్యావందనమా అమ్మాయ్?"

"పప్పు కడిగి మెత్తగా ఉడకబెట్టమన్నారు బాబాయ్ గారూ."

"ఆ ముక్కే అనొచ్చుగా!"

"అంటే అది పప్పయిపోద్దండి, పాఠం అవ్వదు."

మొదటి రోజు అన్నం జావైంది. రెండో రోజు గింజ గింజకీ పడలేదు, పళ్ళెంలో వేస్తే దొర్లింది. మూడో రోజు పొయ్యి రాజుకోకపోతే, ఊదడం తనకి వచ్చిన విద్యే కదా అని ఛాతీ నిండా గాలి తీసుకుని ఊదాడు. బూడిదంతా లేచి అన్నం గిన్నెలో దిగింది. కాకులు బలిశాయి. మంగతాయారు పీట మీద కూర్చుని పాకదర్శినిని విసనకర్రలా ఊపుకుంటూ చెప్పడం మొదలెట్టింది.

"ఆ పుస్తకం సంగతి వదిలెయ్, నా మాట విను. గుప్పెడు పప్పు కడిగి ఉడకబెట్టు. వేలితో నొక్కితే నలిగిందా? ఎనుపు. నిమ్మకాయంత చింతపండు నానేశావుగా, ఆ పులుసు పోసెయ్. నీళ్ళు, ఉప్పు, కాస్త కారం. తెర్లనీ, తెర్లనీ… తొందరేంటి, పెళ్ళివారేమన్నా పిలుస్తున్నారా నిన్ను? ఇప్పుడు గరిటెలో నూనె కాచి ఆవాలెయ్. అవి చిటపటమన్నాకే జీలకర్ర, ఎండుమిరప ముక్క. మాడకముందే చారులో ముంచు."

చుయ్‌మంది. ఆ చప్పుడు విని గవర్రాజు ఒక్క క్షణం ఆగిపోయాడు. పాతికేళ్ళుగా రోజూ వింటున్న చప్పుడే. తన చేతిలోంచి వచ్చేసరికి కొత్త రాగంలా ఉంది. ముద్ద కలిపి పెట్టాడు. మంగతాయారు నమిలి మింగింది.

"ఎలా ఉందే?"

"ఉప్పు కాస్త తక్కువైంది. ఇంకో ముద్ద పెట్టు."

అంతకన్నా పెద్ద సన్మానం అతనికి ఏ పందిట్లోనూ జరగలేదు.

నెల రోజులకని ఇచ్చిన డబ్బాలు పద్దెనిమిది రోజులు వచ్చాయి. నేర్చుకునేవాడి వంటలో సగం కాకులదే కదా. లీలావతి రాతపుస్తకం, రెండు రబ్బరు ముద్రలు పట్టుకుని వచ్చింది. ఒక ముద్ర మీద "నిండు" అని ఉంది. రెండోదాని మీద "అయిపోయింది" అని ఉంది.

"పిన్నిగారూ, డబ్బాలు ఎలా ఉన్నాయండి?"

"నిండుకున్నాయి తల్లీ" అంది మంగతాయారు.

లీలావతి తలకాయ పట్టుకుంది. "పిన్నిగారూ, ఇంకోలా చెప్పండి."

"ఇంకోలా ఏంటి? బియ్యం నిండుకున్నాయి, పప్పు నిండుకుంది, నూనె నిండుకుంది. సుబ్బరంగా తెలుగే కదా."

తెలుగే. ఇంట్లో గింజలు లేకపోతే లేవని అనరు, నిండుకున్నాయనే అంటారు. ఆ లేదన్న మాట వింటే లక్ష్మి చిన్నబుచ్చుకుంటుందని. లీలావతి వాళ్ళమ్మా అంతే అంటుంది. కానీ పథకానికి పదకొండో నిబంధన ఒకటుంది. "వంటింట వినబడిన మాటను యథాతథముగా, శబ్దమును బట్టియే గ్రహించవలెను. భావమును బట్టి గ్రహించరాదు." ఇంతకుముందు వేరే పథకంలో ఎవరో "ఏముంది నా బతుకులో" అని నిట్టూరిస్తే, ఏమీ లేదన్న భావం పట్టుకుని వెంటనే మూడు బస్తాల బియ్యం దింపేశారట. అప్పటినుంచి భావం మీద నిషేధం.

లీలావతి కళ్ళు మూసుకుని "నిండు" అని ముద్ర కొట్టింది. డబ్బాలు నింపే బండి గవర్రాజు ఇంటి ముందు నుంచే వెళ్ళిపోయింది.

గవర్రాజు ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ సూపరింటెండెంటు జోగారావు కిళ్ళీ నములుతూ అంతా విన్నాడు.

"నిండుకున్నాయంటే లేవని కదండీ!" అన్నాడు గవర్రాజు.

"నాకు తెలుసయ్యా. మా ఆవిడ పొద్దున్నే కాఫీపొడి నిండుకుందంది. ఇంటికెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాలి."

"మరింకేంటండీ?"

"నాకు తెలుసు. ఆఫీసుకి తెలీదు." జోగారావు బల్ల మీద అరచేత్తో మెల్లిగా కొట్టాడు, ఆఫీసు లోపల ఎక్కడో నిద్రపోతున్నట్టు. "మీ ఆవిణ్ణి ఒక్కసారి అయిపోయాయి అనమను. మర్నాడే బండి వస్తుంది."

"అనదండీ."

"నువ్వను."

"అననివ్వదండీ."

"సరే, నీ ఇష్టం."

"పోనీ మీరొచ్చి మూతలు తీసి కళ్ళారా చూడండి బాబూ!"

జోగారావు జాలిగా చూశాడు. "నిబంధనలో వినబడినది అని ఉంది, కనబడినది అని లేదు. కంటితో చూసింది ఉద్యోగి సొంత అభిప్రాయం కింద జమ."

గవర్రాజు నమస్కారం పెట్టి "వెళ్ళొస్తానండి" అన్నాడు. వారం తర్వాత అతనికి తాఖీదు వచ్చింది. "తిరిగి వచ్చెదనని అధికారి సమక్షమున వాగ్దానము చేసి, నేటి వరకు రానందుకు సంజాయిషీ ఇవ్వవలెను."

ఇంటి దగ్గర గవర్రాజు గట్టి ప్రయత్నమే చేశాడు. లీలావతి మళ్ళీ వచ్చిన రోజు గడపలో నిలబడి, "అమ్మాయ్, రాసుకో! బియ్యం అయి…" అనేలోపే మంగతాయారు పిండికట్టు చేత్తో అతని నోరు మూసింది. పై పెదవి చిట్లింది. క్లారినెట్ వాడికి పెదవే కదా ఆస్తి.

"నా వంటింట్లో ఆ మాటా!" అంది ఆవిడ. "మా అత్తగారు మంచం మీద ఉండి కూడా ఆ మాట అనలేదు. మందుసీసా కూడా నిండుకుందనే అనేది మహాతల్లి."

"ఏం తింటావే మరి?"

"పక్కింటి గంజి తాగుతాను. ఆ మాట మాత్రం పడనివ్వను."

"పోనీ, పొయ్యి ఎలా ఉందండి పిన్నిగారూ?" అంది లీలావతి. రాతపుస్తకంలో ఆ గడి కూడా ఒకటి ఏడ్చింది. వండటానికేమీ లేక పొయ్యి ఆరి అప్పటికి నాలుగు రోజులైంది. ఆరిందనీ అనకూడదుగా!

"కొండెక్కింది తల్లీ" అంది మంగతాయారు.

ఆ గడికి రబ్బరు ముద్ర లేదు. విన్నది విన్నట్టే రాయాలి. లీలావతి రాసింది.

పది రోజుల్లో జవాబు వచ్చింది. "నవపాచకుని పొయ్యి కొండ ప్రాంతమునకు తరలినట్లు తెలియవచ్చినందున, సదరు దస్త్రము మన్యం విభాగమునకు బదిలీ చేయనైనది." మన్యం విభాగం వారు కూడా నిద్రపోలేదు. ఏ కొండో తెలపమన్నారు. తెలపకపోతే తామే కనుక్కుంటామని ఇద్దరు అడవి కావలివాళ్ళని కొండల మీదకి తోలారు.

రెండో నెలా అంతే, "నిండు". ఒక్క గవర్రాజు ఇల్లే కాదు, మన పేటలో పథకంలో చేరిన నూటపన్నెండు ఇళ్ళలోనూ ఆడవాళ్ళు నిండుకున్నాయనే అన్నారు. రాతలన్నీ పై ఆఫీసుకి చేరాయి. అక్కడ డైరెక్టరు గారు గోడ మీద గీతల బొమ్మ గీయించి చూశారు. జనం రెండు నెలలుగా వండుతున్నారు. డబ్బాలు మాత్రం నిండుగానే ఉన్నాయి. దేశంలో ఏ పథకంలోనూ ఇలాంటి గీత లేదు. డైరెక్టరు గారు ఉద్వేగం పట్టలేక లేచి నిలబడ్డారట. ఆ నిలబడటంలోనే ఒక ఉత్తరువు పుట్టింది.

"వండుకొలది నిండు డబ్బాలతో ఆదర్శముగా నిలిచిన నవపాచకుడు గవర్రాజు గృహమును అక్షయ వంటిల్లుగా ప్రకటించడమైనది. డైరెక్టరు వారు పదిమంది అధికారులతో విచ్చేసి, సదరు నిండు డబ్బాల నుండి వండిన భోజనమును స్వీకరించెదరు. భోజనమునకు లోటు ఏర్పడినచో, నిండు సరుకు దుర్వినియోగమైనట్లు భావించి చర్య తీసుకొనబడును."

లీలావతి చదివి వినిపించింది. గవర్రాజు గోడకి చేరగిలబడ్డాడు.

"భావించి అని ఉందేంటి? భావం మీద నిషేధం కదా?"

"అది మనకండి బాబాయ్ గారూ. వాళ్ళకి లేదు."

ఇక అర్థమైంది కదా మనవరాలా. పదకొండుమందికి అన్నం పెట్టకపోతే గవర్రాజు దొంగ. పెట్టడానికి ఇంట్లో గింజ లేదు. ఉందని రాసుకున్నది వాళ్ళు.

పేటంతా కదిలింది. నూటపన్నెండు ఇళ్ళూ నిండుకున్నవే. అయినా ఒకరు గుప్పెడు నూకలు, ఒకరు చింతపండు తొక్కు, ఒకరు సీసా అడుగున ఉన్న నూనె తెచ్చారు. బ్యాండుమేళం డోలు వాయించే ముసలాయన నాలుగు ఎండుమిరపకాయలు జేబులోంచి తీసి, అవి ఎందుకు దాచుకున్నాడో చెప్పకుండా ఇచ్చేశాడు. ఎంత పోగేసినా నలుగురికి మించి రాదు. పైగా ఆ పొద్దున్నే అడవి కావలివాళ్ళు ఇద్దరూ చెమటలు కక్కుకుంటూ దిగారు. వీపు మీద మూడు రాళ్ళు.

"మీ పొయ్యి దొరికిందండి. నాలుగో కొండ మీదుంది. సంతకం పెట్టండి."

"ఇది మాది కాదు బాబూ."

"అలా అనకండి, మేం మళ్ళీ ఎక్కలేం."

గవర్రాజు సంతకం పెట్టి ఆ మూడు రాళ్ళ మీదే పప్పుచారు ఎక్కించాడు. సొంత పొయ్యి మీద అన్నం. ఈసారి చారు తెర్లేటప్పుడు మంగతాయారు ఏమీ చెప్పలేదు, పీట మీద కూర్చుని వాసన చూస్తూ ఉంది. చుయ్‌మని పోపు పడ్డాక మాత్రం, "కుదిరింది" అంది.

డైరెక్టరు గారు దిగారు. గుమ్మానికి తోరణం, లోపల ఏడు డబ్బాలు, డబ్బా డబ్బాకీ పూలదండ. ముందు అధికారులు తింటుంటే ఫోటో తీయాలని, తర్వాత తాను కూర్చుంటానని అన్నారు. నలుగురిని కూర్చోబెట్టి, తను నిలబడి ఉపన్యాసం అందుకున్నారు.

"మహాజనులారా! నిండుతనమనునది డబ్బాలో లేదు, దృక్పథంలో ఉంది!"

నలుగురూ జుర్రుకున్నారు. మళ్ళీ వడ్డించుకున్నారు. ఉపన్యాసం గంట సాగింది. పప్పుచారు వాసన మధ్యమధ్యలో డైరెక్టరు గారి గొంతుకి అడ్డం పడుతోంది. రెండుసార్లు గుటక వేశారు. మూడోసారి ఉపన్యాసం మధ్యలోనే వదిలి ఆకు ముందు కూర్చున్నారు.

"వడ్డించండమ్మా."

మంగతాయారు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అన్నం నిండుకుంది నాయనా."

"చాలా సంతోషం! వడ్డించండి."

"నిండుకుందంటున్నాను బాబూ."

"అందుకేనమ్మా వడ్డించమంటున్నాను."

"చారూ నిండుకుంది."

"దివ్యం! అదీ వెయ్యండి."

పక్కన జోగారావు పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. గవర్రాజు చేతిలో ఖాళీ గరిటె. బయట పేటంతా లోపలికి తొంగి చూస్తోంది. డైరెక్టరు గారు ఆకు మీద నీళ్ళు చల్లారు. తుడిచారు. మళ్ళీ చల్లారు. నిండుకున్న అన్నం రావడం లేదు. మొహం మెల్లిగా మారింది. పథకం దిగిపోయి ఆకలి ఎక్కింది. ఆ మొహం మీద చిన్నప్పుడు బడి నుంచి వచ్చిన పిల్లాడు కనబడ్డాడు.

"ఏంటమ్మా?" అన్నారు గొంతు పీలగా. "అయిపోయిందా?"

ఆ మాట వంటింటి గోడలకి తగిలి అందరికీ వినబడింది.

మంగతాయారు చెవులు మూసుకుంది. కట్టు ఉన్న చేయి ఒక చెవికి అడ్డం పెట్టుకుంది. "నా ఇంట్లో ఆ మాటా! లీలావతీ, పసుపునీళ్ళు తేవే!"

కానీ లీలావతి పసుపునీళ్ళ కోసం వెళ్ళలేదు. రాతపుస్తకం తీసింది. జోగారావు కిళ్ళీ నమలడం ఆపి, ఆఫీసు ఒక్కసారిగా నిద్ర లేచినట్టు, గట్టిగా చదివాడు.

"నిబంధన పదకొండు. వంటింట వినబడిన మాటను యథాతథముగా గ్రహించవలెను. ఎవరు పలికిన మాట అన్నది నిబంధనలో లేదు. అయిపోయింది అని సాక్షాత్తు డైరెక్టరు వారే సెలవిచ్చారు. కొట్టవమ్మా ముద్ర!"

ముద్ర పడింది. రెండు నెలలుగా వాడని ముద్ర కదా, సిరా ఎక్కువై కాగితం అవతలి వైపుకి కూడా దిగింది. గుమ్మం బయట నిలబడ్డ నూటపన్నెండు ఇళ్ళవాళ్ళూ, "ఓసారి మా వంటింట్లోకి కూడా దయచేయండి బాబూ" అంటూ డైరెక్టరు గారిని అరుగు అరుగుకీ తిప్పారు. ఆకలితో ఉన్న మనిషి. గుమ్మం దాటి లోపలికి రాగానే, "ఇక్కడా అయిపోయిందా?" అని తనే అడిగేవారు. వెనకాల లీలావతి ముద్ర కొడుతూ నడిచింది.

సాయంత్రానికి డైరెక్టరు గారు మళ్ళీ గవర్రాజు గుమ్మం దగ్గరికి వచ్చి, మర్యాదగల మనిషి కాబట్టి, చేతులు జోడించారు.

"వెళ్ళొస్తానమ్మా."

మంగతాయారు తన బతుకులో గడప దాటే మనిషిని వెళ్ళమని అనలేదు. వెళ్ళిరమ్మనే అనేది. అప్పులవాణ్ణి కూడా అలాగే పంపేది. ఆ రోజు ఒకసారి గవర్రాజు చిట్లిన పెదవి వైపు చూసింది. ఏడు డబ్బాల వైపు చూసింది.

"వెళ్ళండి నాయనా" అంది.

రాసుకున్నావా మనవరాలా? ఇది మీ తమ్ముడికి ఫోన్లో చదివి వినిపించు. గదిలో ఒక్కడే వంట మొదలెట్టాడుగా, నిన్న మీ నానమ్మకి ఫోను చేసి బియ్యం అదే… ఆ మాట అనేశాడట. అప్పట్నుంచి ఆవిడ నాతో కూడా మాట్లాడటం లేదు. మిగతాదంతా ఎలా చదివినా సరే, పప్పుచారు వచ్చిన చోట మాత్రం నెమ్మదిగా చదువు. వాడు రాసుకోవాలి.